నకలు నంబరు నాలుగు

మా మావయ్య తన జీవితంలో ఏ పనీ మొదటిసారి చెయ్యలేదు. అన్నీ రెండోసారే చేశాడు. మొదటిసారి ఎప్పుడూ నకలు మీద చేస్తాడు.

నమ్మకపోతే మా అత్తను అడగండి. కొత్త మంచం కొనాలనుకున్నప్పుడు ఆయన దుకాణానికి వెళ్ళలేదు. పాత వార్తాపత్రికలను మంచం కొలతకు అతికించి పడగ్గదిలో నేల మీద పరిచాడు. నాలుగు రోజులు దాని చుట్టూ తిరుగుతూ బట్టల బీరువా తలుపు తెరుచుకుంటుందా, కిటికీ అందుతుందా అని చూసుకున్నాడు. అత్త ఊడుస్తూ ఆ కాగితాల మీద అడుగు వేస్తే, "చెప్పులతో మంచం ఎక్కుతావేంటి?" అని కేకలు. ఐదో రోజు అత్త ఆ మంచాన్ని మడతపెట్టి పాత కాగితాలవాడికి ఇచ్చేసింది. మావయ్యకు కోపం రాలేదు. "పోనీలే, నకలే కదా" అన్నాడు.

ఆ అత్తను 'నన్ను పెళ్ళి చేసుకుంటావా' అని అడగడానికి ముందు కూడా ఆయన మా అమ్మ మీద రిహార్సల్ వేశాడు. అక్కను కుర్చీలో కూర్చోబెట్టి, తాను ఏం అడగాలనుకుంటున్నాడో అదంతా అడిగాడట. మా అమ్మ రెండుసార్లు కుదరదని చెప్పింది. మూడోసారి ఆలోచించుకుంటానంది. అసలు అత్త మాత్రం ఆయన మాట పూర్తికాకుండానే సరేనంది. నకలులో ఇంత సులువుగా జరగలేదే అని మావయ్యకు అనుమానం వచ్చి, వారం రోజులు ఆ ఇంటి వైపు వెళ్ళలేదట. ఆ వారం గురించి అత్త ఇప్పటికీ మాట్లాడుతుంది. మావయ్య మాట్లాడడు.

నేను వాళ్ళింట్లో ఉండటానికి వెళ్ళిన మొదటి వారంలోనే నన్ను ఫోన్ కంపెనీవాడిని చేశాడు. మర్నాడు ఆయన వాళ్ళకు ఫిర్యాదు చెయ్యాలి.

"నువ్వు కంపెనీవాడివి. గట్టిగా మాట్లాడు. మొహమాటపడకు."

"సరే సార్, లైన్లో ఉండండి" అని చెప్పి, కాసేపు ఈల పాట పాడి, వంటింట్లోకి వెళ్ళి టీ పెట్టుకుని తాగి, కప్పు కడిగి వచ్చాను. ఆయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని అక్కడే నిలబడి ఉన్నాడు.

"ఇరవై నిమిషాలు" అన్నాడు మెచ్చుకోలుగా. "అచ్చం వాళ్ళలాగే చేశావురా."

నేను ఆ ఇంటికి ఎందుకు వెళ్ళానో కూడా చెప్పాలి. కాలేజీ మానేశాను. ఎందుకని ఎవరైనా అడిగితే బోరు కొట్టిందని చెబుతాను. అది అబద్ధం. లాబ్‌లో నా ముందు రెండు విండోలు ఉన్నాయి. ఒకటి ప్రాక్టీసుది, ఒకటి అసలుది. ప్రాక్టీసుది అనుకుని అసలుదాంట్లో ఒక్క లైను కొట్టి, క్లాసంతా ఏడాది పాటు చేసిన ప్రాజెక్టును తుడిచిపెట్టాను. ఒకమ్మాయి ఏడ్చింది. మిగతావాళ్ళు ఏడవలేదు కానీ, నన్ను చూసిన ప్రతిసారీ తమ కంప్యూటర్లు మూసేసుకునేవాళ్ళు. అప్పటినుంచి అసలు మెషీన్ ముందు కూర్చుంటే నా వేలు ఎంటర్ మీట మీద గాలిలో నిలబడిపోతుంది. కిందికి దిగదు. ఈ సంగతి నేను మావయ్యకు చెప్పలేదు.

మావయ్య ఒక కంటి ఆసుపత్రిలో కంప్యూటర్లు చూసుకునేవాడు. మూడు నెలల పరీక్ష మీద నన్నూ అక్కడే పెట్టించాడు. ఆ ఆసుపత్రి మొత్తం ఒక్క మెషీన్ మీద నడుస్తుంది. అది రిసెప్షన్ బల్ల కింద ఉంటుంది. మేము దాన్ని ముందు మెషీన్ అంటాం. టోకెన్లు అదే ఇస్తుంది. హాల్లో బోర్డు మీద పేర్లు అదే చూపిస్తుంది, అదే గట్టిగా పిలుస్తుంది. డాక్టర్ల గదులకు జాబితాలు అదే పంపుతుంది. వయసులో నాకంటే కొంచెం చిన్నది, ఓపికలో నాకంటే చాలా పెద్దది.

వెనక గదిలో మా ఇద్దరి రాజ్యం. అక్కడి కంప్యూటర్లో మావయ్య వర్చువల్ మెషీన్లు నడుపుతాడు. అంటే కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో కట్టిన ఇంకో కంప్యూటర్. ఒక విండోలో ఉంటుంది, తాను నిజమైన కంప్యూటర్‌నే అనుకుంటుంది. ముందు మెషీన్‌కు అచ్చుగుద్దినట్టు అలాంటివి నకలు ఒకటి, రెండు, మూడు అని పెట్టుకున్నాడు. పొరపాటు జరగకుండా నకళ్ళన్నిటికీ తెర మీద పసుపు రంగు వేసి, పైన పెద్ద అక్షరాలతో 'నకలు' అని రాశాడు. ఇంత జాగ్రత్త మా కాలేజీలో ఎవరికైనా ఉండి ఉంటే నేను ఈపాటికి డిగ్రీ పట్టుకుని ఉద్యోగం దొరక్క తిరుగుతూ ఉండేవాణ్ణి.

"ఇక్కడ నీ ఇష్టం వచ్చింది పాడుచెయ్యి" అన్నాడు మావయ్య మొదటిరోజే. "నకలే కదా."

పాడుచేశాను. రోజుకు రెండుసార్లు. పాడైనదాన్ని ఆయన తీసేసి, ఇంకోటి పెట్టి, "ఊఁ, మళ్ళీ" అనేవాడు.

ఇలా ఉండగా హాల్లో నేల మార్చాలని నిర్ణయించారు. ముందు మెషీన్‌కు ఇంటర్నెట్ తెచ్చే వైరు ఆ నేల కిందే ఉంది. పలకలు తవ్వితే వైరు పోతుంది. కాబట్టి దాన్ని వైఫైకి మార్చాలి. దానికి వేలెడంత వైఫై స్టిక్ ఒకటి గుచ్చి, లోపల సరిచెయ్యాలి. మామూలు మనిషి అయితే గుచ్చి సరిచేసేవాడు. మావయ్య, "ముందు నకలుకు వైఫై పెట్టు" అన్నాడు.

మూడు రోజులు కుస్తీ పట్టాను. నకలులో ఎక్కడ వెతికినా వైఫైకి ఉండే ఆ విసనకర్ర గుర్తు లేదు. వైరు గుర్తు మాత్రం ఉంది. వెనక గదిలో అసలు వైరే లేదు!

"మావయ్యా, లోపల వైఫై లేదు."

"లేదు."

"బయట కంప్యూటర్‌కి ఉందిగా?"

"ఉంది."

"మరి లోపలికి ఎందుకు రాలేదు?"

"నువ్వు పొద్దున్న తిన్నావా?"

"తిన్నాను."

"నీ కడుపుకి పళ్ళున్నాయా?"

"లేవు."

"అయినా తిండి వెళ్ళిందిగా. బయటిది గాలిలోంచి తీసుకుంటుంది, నమిలి లోపలిదానికి వైరు రూపంలో పెడుతుంది. లోపలిదానికి గాలి సంగతే తెలీదు. తనకి వైరుందనే అనుకుంటుంది. బ్రౌజర్ తెరిచి చూశావా?"

తెరవలేదు. తెరిచాను. మొదటి రోజు మొదటి నిమిషం నుంచీ నకలులో ఇంటర్నెట్ ఉంది. లేనిదాని కోసం కాదు, ఉన్నదాని కోసమే మూడు రోజులు పోరాడాను.

"ముందే చెప్పొచ్చుగా!"

"చెబితే మూడు రోజుల్లో ఇంకేం నేర్చుకునేవాడివి?"

కానీ మాకు కావలసింది ఇంటర్నెట్ కాదు, విసనకర్ర. ముందు మెషీన్లో చెయ్యబోయేది అచ్చం అలాగే నకలులో చెయ్యాలి. దానికి ఒకటే దారి. స్టిక్‌ను బయటి కంప్యూటర్‌కు గుచ్చి, అది పట్టుకునేలోపు మెనూలోంచి లోపలిదానికి దత్తత ఇచ్చెయ్యాలి. ఇచ్చాను. డ్రైవర్, అంటే స్టిక్‌ను నడిపే ప్రోగ్రామ్, లేదంది. తెచ్చిపెట్టాను. విసనకర్ర ఒక్క క్షణం కనిపించి మాయమైంది. రీస్టార్ట్ చేస్తే బయటిది స్టిక్‌ను మళ్ళీ లాక్కుంది. ఇచ్చిన బిడ్డను వెనక్కి లాక్కునే మనుషుల్లాంటి మెషీన్. ఆఖరికి ఈ స్టిక్ ఎప్పటికీ లోపలిదానిదే అని సెట్టింగులో రాసేశాక, మూడో వారంలో, నకలు మూడులో విసనకర్ర నిలిచింది. నేను కుర్చీ ఎక్కి అరిచాను. మావయ్య కళ్ళజోడు తుడుచుకుని, "ఊఁ, మళ్ళీ" అన్నాడు.

ఆ సోమవారం మేనేజర్ మేడమ్ వెనక గదికి వచ్చింది. ఆవిడ కూర్చోదు. గుమ్మంలో నిలబడి చెప్పాల్సింది చెప్పి వెళ్ళిపోతుంది.

"శుక్రవారం పొద్దున్న తవ్వడం మొదలు. ఆ రోజు వందమంది పేషెంట్లున్నారు. ముందు మెషీన్ పది నిమిషాలు ఆగిందంటే ఈ పని బయటి కంపెనీకి ఇచ్చేస్తాను. ఇప్పటికే రెండుసార్లు వచ్చి అడిగివెళ్ళారు వాళ్ళు."

"ఆగదు మేడమ్" అన్నాడు మావయ్య.

"మీకు బుధవారం కంటి ఆపరేషన్ కదా. మరెవరు చేస్తారు?"

"వీడు."

ఆవిడ నా వైపు చూసింది. "ఇతనా? మూడు నెలలవుతోంది, ఇతను ఆ మెషీన్‌ని ముట్టుకోగా నేను చూడలేదు."

నిజమే. ముట్టుకోలేదు. రిసెప్షన్ అక్క ఏదైనా అడిగితే, మీరు నొక్కండి నేను చెబుతాను అనేవాణ్ణి. మేడమ్ వెళ్ళాక మావయ్య మీద విరుచుకుపడ్డాను.

"నీకు బుద్ధుందా? నన్నెందుకు ఇరికిస్తావు? నీ ఉద్యోగం కూడా పోతుంది తెలుసా?"

"అరవకు. శుక్రవారం కట్టుతోనే దిగొచ్చి నేనే చేస్తాను. ఆవిడకి అలా చెప్పానంతే. నువ్వు గురువారం నకలు నాలుగు మీద ఆఖరి రిహార్సల్ చేసి, ఏ అడుగు తర్వాత ఏ అడుగో కాగితం మీద రాసిపెట్టు. ఒంటి కన్నుతో చదువుకోవాలి, అక్షరాలు పెద్దవిగా రాయి."

అక్షరాలు పెద్దవిగా రాయగలను. సరేనన్నాను.

గురువారం పదిన్నరకు వెనక గదిలో ఒక్కణ్ణే కూర్చున్నాను. మావయ్య పై అంతస్తులో కంటికి కట్టుతో పడుకుని ఉన్నాడు. తెర మీద నకలు నాలుగు తెరిచి ఉంది. పసుపు రంగు, పెద్ద అక్షరాలు. ఫోన్ చేశాను.

"మొదలుపెట్టనా?"

"స్టిక్ నిన్ననే లోపలికి ఇచ్చేసి వచ్చాను. నువ్వు లోపలి పని చెయ్యి. నింపాదిగా."

నింపాదిగా ఎందుకు? నకలే కదా! టపటపా కొట్టాను. డ్రైవర్ ఎక్కించాను. విసనకర్ర వచ్చింది. ఆసుపత్రి వైఫై ఎంచి, పాస్‌వర్డ్ కొట్టి, డాక్టర్ల గదులు వెతుక్కునే పాత అడ్రసునే దీనికీ రాశాను.

"రీస్టార్ట్ చేస్తున్నా."

"చెయ్యి" అన్నాడు. గొంతు కొంచెం పీలగా వచ్చింది. మందుల ప్రభావం అనుకున్నాను.

సరిగ్గా అప్పుడే హాల్లోంచి రిసెప్షన్ అక్క గొంతు వినిపించింది. "రెండు నిమిషాలండీ, రెండే నిమిషాలు! కూర్చోండి పెద్దాయనా!" ముందు మెషీన్ కూడా ఇప్పుడే మొరాయించిందా అనుకున్నాను. మనకెందుకు అనుకుని, వెనక్కి వాలి కాళ్ళు ఊపుతూ కూర్చున్నాను.

తెర మళ్ళీ వెలిగింది. విసనకర్ర నిలిచే ఉంది.

"ఇప్పుడు వైరుది ఆపెయ్" అన్నాడు మావయ్య.

ఆపేశాను. తెర ఒక్క క్షణం బిగుసుకుపోయి మళ్ళీ కదిలింది.

"అయిపోయింది మావయ్యా. పదకొండు నిమిషాలు. నీకైతే అరగంట పడుతుంది."

"ఒక పేషెంట్‌ని ఎక్కించి చూడు. టోకెన్ పడాలి."

సరదా పుట్టింది. పేరు దగ్గర 'అతిజాగ్రత్త మావయ్య' అని కొట్టాను. వయసు రెండు వందలు. బాధ దగ్గర 'మొదటిసారి ఏదీ కనపడదు, రెండోసారే కనపడుతుంది' అని రాసి, గది నంబరు మూడు ఎంచి, ఎంటర్ కొట్టాను. నా వేలు గాలిలో ఒక్క క్షణం కూడా ఆగలేదు.

హాల్లో గంట మోగింది. బోర్డులోని ఆడగొంతు, ఎప్పటిలాగే ఏ భావమూ లేకుండా, గోడలు అదిరేలా పిలిచింది.

"టోకెన్ నంబరు నలభై ఏడు. అతిజాగ్రత్త మావయ్య గారు. గది నంబరు మూడుకి రావాలి."

హాల్లో నవ్వులు. నా కాళ్ళు ఊగడం ఆగిపోయింది. తెర వైపు చూశాను. పసుపు రంగు, పెద్ద అక్షరాలు. ఫోన్లో చూస్తే మావయ్య పెట్టేశాడు. పరిగెత్తుకుంటూ హాల్లోకి వచ్చి రిసెప్షన్ బల్ల వెనక్కి వెళ్ళాను. అక్క ముందున్న తెర కూడా పసుపు రంగులో ఉంది. దాని మీదా 'నకలు' అని పెద్ద అక్షరాలు. బల్ల కింద ముందు మెషీన్‌కు వేలెడంత స్టిక్ గుచ్చి ఉంది.

"అక్కా, ఇదేంటి?"

"నిన్న ఆపరేషన్‌కి వెళ్ళేముందు మీ మావయ్య రంగు మార్చి వెళ్ళారు తమ్ముడూ. ఎవరడిగినా నోరు మెదపొద్దన్నారు. నువ్వు వెనక గదిలోంచి చూసింది ఈ తెరనే, నడిపింది ఈ మెషీన్‌నే. ఆ రీస్టార్టేదో కొంచెం చెప్పి చెయ్యకూడదా? ఆ పెద్దాయన నన్ను కర్రతో కొట్టబోయాడు."

అంటే నేను మళ్ళీ తప్పు విండోలోనే పని చేశాను. జీవితంలో రెండోసారి.

అప్పుడే మెట్ల మీద చెప్పుల చప్పుడు. మావయ్య దిగుతున్నాడు. ఒక కంటికి తెల్లటి కట్టు, ఒక చెయ్యి గోడ మీద. హాల్లో అందరూ చూస్తుండగా నేరుగా నడిచి మూడో గది తలుపు తట్టాడు.

"నన్ను పిలిచారా డాక్టరుగారూ?"

లోపల పెద్ద డాక్టరమ్మ తన తెర చూసి నవ్వుతోంది. "రండి రండి. వయసు రెండొందలట. ఆ లెక్కన చూపు బాగానే ఉంది."

నేనూ లోపలికి దూరాను. నాకు నవ్వు రావడం లేదు.

"మోసం చేశావు మావయ్యా! అది పాడైపోయి ఉంటే? బయట యాభైమంది ఉన్నారు!"

"పొద్దున్నే దాని నకళ్ళు నాలుగు తీయించి పెట్టాను. పాడైతే ఎనిమిది నిమిషాల్లో తిరిగి నిలబెట్టేవాణ్ణి. పది నిమిషాలకి ఇంకా రెండు మిగిలేవి."

"నాకు చెప్పొచ్చుగా!"

"చెబితే నీ వేలు దిగేదా?"

 కాలేజీలో జరిగింది అమ్మ ఆయనకు చెప్పేసిందని అప్పుడు అర్థమైంది.

"ఇతని మీద కోపం తెచ్చుకోకు బాబూ" అంది డాక్టరమ్మ. "కంప్యూటర్లో మందుల చీటీలు రాయడం వచ్చిన కొత్తలో నేను ముట్టనన్నాను. ఇది ప్రాక్టీసుకే డాక్టరుగారూ, ఏం రాసినా ఎక్కడికీ పోదు అన్నాడు. నెల తర్వాత మందుల కొట్టువాళ్ళు మీ చీటీలు చాలా బాగుంటున్నాయని చెబితే గానీ నాకు తెలీలేదు."

"నన్నూ అంతే" అంది తలుపు దగ్గర నుంచి అక్క. "మూడు వారాలు నకలు అనుకుంటూ అసలు టోకెన్లిచ్చాను. అందరూ నిజంగానే వచ్చి నిలబడుతుంటే ఎంత మంచి నకలో అనుకున్నాను."

"అందుకే నిన్న బదులు తీర్చేశాను" అంది డాక్టరమ్మ. "ఆపరేషన్‌కి ముందు ఒకసారి రిహార్సల్ కావాలని పట్టుబట్టాడు. సరే, ఇవాళ రిహార్సలే, పడుకోండి అన్నాను. అంతా అయ్యాక లేచి, రేపు అసలుదానికి ఎన్నింటికి రావాలని అడిగాడు. రేపు రావాల్సింది కట్టు చూపించుకోడానికి అని చెప్పాను."

"ఊరుకోండి డాక్టరుగారూ, పిల్లాడి ముందు" అన్నాడు మావయ్య. ఆయన సిగ్గుపడగా చూడటం నాకు అదే మొదటిసారి. రిహార్సల్ లేకుండా సిగ్గుపడ్డాడు.

"అన్నట్టు, ఆర్నెల్లు ఆగొచ్చని చెప్పాను ఈ కంటికి. వినలేదు. ఈ బుధవారమే చెయ్యాలన్నాడు. ఎందుకో మరి" అని ఆవిడ నా వైపు చూసింది.

నేను మావయ్య వైపు చూశాను. ఆయన కట్టు లేని కన్నుతో గోడ మీది అక్షరాల పట్టిక చదువుతున్నట్టు నటించాడు.

తలుపు మళ్ళీ తెరుచుకుంది. మేనేజర్ మేడమ్. భుజాన నీలం రంగు వైరు చుట్ట. చెప్పులకు సున్నం.

"తవ్వేవాళ్ళు ఇవాళే బయటి గుమ్మం దగ్గర మొదలుపెట్టేశారు. ఐదు నిమిషాలైందట ఇది పీకేసి. నాకు ఇప్పుడే చూపించారు, గుండె ఆగిపోయింది. పరిగెత్తుకొచ్చాను. ఏదీ ఆగలేదేంటి?"

 మావయ్య నన్ను మోచేత్తో పొడిచాడు.

"వైఫైకి మార్చేశాను మేడమ్" అన్నాను.

"నువ్వా? ముందు మెషీన్‌ని?"

"అవును మేడమ్."

ఆవిడ నన్ను, వైరు చుట్టను మార్చి మార్చి చూసింది. "సరే. ఆ రెండొందలేళ్ళాయన పేరు జాబితాలోంచి తీసెయ్. రిపోర్టులో సగటు వయసు పెరిగిపోతుంది." అని వెళ్ళిపోయింది. బయటి కంపెనీ ఊసు మళ్ళీ ఎత్తలేదు.

సోమవారం మావయ్య కట్టు లేకుండా వచ్చాడు. నా బల్ల మీద ఒక కాగితం పెట్టాడు. ఆసుపత్రి పేరు, కింద ఖాళీలు, ఉద్యోగంలో చేరే తేదీ.

"ఏంటిది?"

"నమూనా కాగితంరా. ఊరికే, ఎలా నింపాలో అలవాటు కావడానికి. తప్పులు రాసినా ఫర్వాలేదు."

మూలన మేనేజర్ మేడమ్ సంతకం, దాని మీద తడి ఆరని ముద్ర. నేనేమీ అడగలేదు. మంచి పెన్ను వెతికి తెచ్చుకుని, కొట్టివేతలు లేకుండా, నా అసలు పేరు, అసలు వయసు రాశాను.

"అక్షరాలు ఇంత శ్రద్ధగా ఎందుకురా" అన్నాడు మావయ్య, కొత్త కంటితో తొంగి చూస్తూ. "నకలే కదా."